మిక్సీ తడితేనే తిరుగుతోందా? బ్రష్షులు చూడండి

రజ పండుగకు వారం ముందు ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మరమ్మతు బల్ల నిండా మిక్సీలే. ఒడియావారు ఆ పండుగకు కాల్చి చేసే పొడపిఠాకైనా, మన దోసెలకైనా రుబ్బేది బియ్యం, మినప్పప్పే కదా. మొన్న ఒక పెద్దావిడ, "నిన్నటిదాకా బాగానే ఉంది బాబూ, ఇవాళ పక్కన ఒక్క దెబ్బ వేస్తే గాని తిరగడం లేదు" అన్నారు. లోపమేమిటో ఆ మాటలోనే ఉంది.

తడితే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది

ముందు అడుగున ఉన్న, భారం ఎక్కువైతే మోటారును ఆపేసే ఎర్ర ఓవర్‌లోడ్ మీట నొక్కి చూడండి. అది కాదంటే ప్లగ్గు తీసి, అడుగు మూత విప్పండి. మోటారు ఇరుసుతో పాటు తిరిగే రాగి పలకల కమ్యుటేటర్‌కు రెండు వైపులా ఇత్తడి గూళ్లలో దానికి కరెంటు అందించే రెండు కార్బన్ బ్రష్షులు ఉంటాయి. అరిగి 5, 6 మిల్లీమీటర్లే మిగిలితే స్ప్రింగు వాటిని నొక్కలేదు. దెబ్బ వేస్తే ఆ కుదుపుకు క్షణం పాటు రాగికి తగులుతాయి, అంతే.

అయితే బ్రష్షు పొడవుగానే ఉండి, కార్బన్ పొడి పేరుకుని గూట్లో బిగుసుకుపోవడమూ అంతే మామూలు. అలాంటప్పుడు కొత్తది కొనక్కర్లేదు, గూడు తుడిస్తే చాలు. ఆ పెద్దావిడ మిక్సీ జబ్బు ఇదే.

సీలింగు ఫ్యానుకూ ఇదే వైద్యమా అని అడుగుతారు. దానికి బ్రష్షులే ఉండవు, కండెన్సర్ చూసుకోవాలి.

కొత్త బ్రష్షు వేసినా పని చేయదు

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. "మిక్సీ బ్రష్షు ఇవ్వండి" అంటే దుకాణంలో చేతికందింది ఇస్తారు. పాతది వెంట తీసుకెళ్లి వెడల్పు, మందం సరిచూడండి. సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నంలో నేను తెచ్చిన జత ఒకసారి వెంట్రుకంత మందం ఎక్కువైంది. గాజు పలక మీద సన్నని ఉప్పు కాగితం (శాండ్ పేపర్) పరిచి, బ్రష్షు పక్కలు నెమ్మదిగా రుద్దాను. గూడు నిలువుగా పట్టుకుంటే బ్రష్షు తన బరువుకే జారాలి, అటూ ఇటూ ఊగకూడదు. ఒకటి బాగున్నా రెండూ మార్చాల్సిందే.

నిప్పురవ్వలు, కాలిన వాసన

బ్రష్షు అంచున చిన్న నీలి రవ్వలు మామూలే. పసుపు రంగులో, పొడుగ్గా ఎగిస్తే కమ్యుటేటర్ గరుకైందనో, కొత్త బ్రష్షు ఇంకా కుదురుకోలేదనో అర్థం. కమ్యుటేటర్ మీది నున్నని గోధుమ రంగు పొరను మురికనుకుని గీకేయకండి, అది ఉండాల్సిందే. నల్లటి మచ్చలుంటే మాత్రం సన్నని ఉప్పు కాగితంతో తేలికగా రుద్ది, పలకల మధ్య గాడుల్లోని పొడిని సూదిమొనతో తీయండి. ఎమరీ కాగితం వద్దు, దాని పొడి గాడుల్లో చిక్కుకుని రాగినీ బ్రష్షునూ తినేస్తుంది.

కొత్త బ్రష్షు మొన చదునుగా ఉంటే కమ్యుటేటర్ వంపుకు కుదరదు. ఉప్పు కాగితం పీలికను గరుకు వైపు బ్రష్షుకు తగిలేలా కమ్యుటేటర్‌కు చుట్టి, మోటారు తిరిగే దిక్కులోనే చేత్తో తిప్పండి. మొన వంపు తిరగగానే కాగితం తీసి, పొడి ఊదేయండి. మూత బిగించాక మిక్సీ జార్ పెట్టకుండా తక్కువ వేగంలో ఒక నిమిషం, చల్లారాక మరో నిమిషం, అలా నాలుగైదు సార్లు తిప్పండి. ఖాళీ మోటారు వేగం విపరీతంగా పెరుగుతుంది గనుక ఒకేసారి ఎక్కువసేపు వద్దు.

ఇంత చేసినా కమ్యుటేటర్ చుట్టూ నిప్పు వలయం కనిపిస్తే ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) చుట్టలో తీగ తెగిందో, కాలిందో అని అనుమానించాలి. అక్కడ ఎన్ని బ్రష్షులు వేసినా దండగే. ఆర్మేచర్ ధరను కొత్త మిక్సీ ధరతో పోల్చి చూసుకోండి.