ఇన్సాట్ పగటి చిత్రాల్లో మేఘాన్ని, పొగమంచును, హిమాన్ని వేరుపరచడం

భారత వాతావరణ ఉపగ్రహాలైన ఇన్సాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఇన్సాట్-3డీఎస్ తీసే దృశ్యకాంతి చిత్రాలలో తెలుపు అంటే వెనక్కి పరావర్తనమైన సూర్యకాంతి మాత్రమే. దాని నుంచి మేఘం ఎత్తు నేరుగా తెలియదు. అందుకే నేలనంటిన దట్టమైన పొగమంచు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు పెరిగిన క్యుములోనింబస్ (ఉరుముల మేఘం), హిమాలయాల మీది హిమం ఒకే రకంగా మెరుస్తూ కనిపించవచ్చు.

మొదట చిత్రం మీది సమయం చూడండి. అది యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం)లో ఉంటే ఐదున్నర గంటలు కలపాలి. 06:00 అంటే మనకు ఉదయం 11:30. మిట్టమధ్యాహ్నపు వెలుగులో మేఘాల ఎగుడుదిగుళ్లు సరిగా తెలియవు. వేసవిలో తెలంగాణ మీద పెరిగే ఉరుముల మేఘాలను పరిశీలించడానికి సాయంత్రం నాలుగు, ఐదు గంటల చిత్రాలే మేలని నా అభిప్రాయం. అప్పుడు ఏటవాలు ఎండలో ఎత్తైన మేఘం నీడ తూర్పున ఉన్న తక్కువ ఎత్తు మేఘాల మీద పడుతుంది, పైకి ఉబికిన శిఖరం గడ్డలా స్పష్టమవుతుంది.

జనవరి ఉదయాలలో పంజాబ్ నుంచి బిహార్ దాకా పరుచుకునే పొగమంచుకు గడ్డలుండవు. దాని పైభాగం నునుపుగా ఉండి, ఉత్తరపు అంచు హిమాలయ పాదాల వెంబడి గీత గీసినట్లు ఆగిపోతుంది. అరగంటకొకటిగా వచ్చే చిత్రాలను వరుసగా చూస్తే, అది ఎటూ కదలకుండా, ఎండ ముదిరేకొద్దీ అంచుల నుంచి లోపలికి కరుగుతుంది.

హిమాన్ని గుర్తించడానికి 1.55–1.70 మైక్రోమీటర్ల సమీప పరారుణ ఛానల్ (కంటికి కనిపించని ఆ తరంగాలతో మాత్రమే తీసే చిత్రం) అత్యంత విలువైనది. ఈ తరంగాలను మంచు స్ఫటికాలు బాగా శోషిస్తాయి కాబట్టి, దృశ్యకాంతిలో తెల్లగా ఉన్న పర్వతశ్రేణి ఇక్కడ నల్లబడుతుంది. నీటి బిందువుల మేఘం మాత్రం తెల్లగానే నిలుస్తుంది. అయితే స్ఫటికాలతో కూడిన సిర్రస్ (ఎత్తున ఉండే పలుచని మేఘం), క్యుములోనింబస్ పైభాగం కూడా కొంత మసకబారుతాయి కనుక, ఈ ఒక్క ఛానల్‌తోనే నిర్ణయానికి రాకూడదు. మేఘం కదులుతుంది, హిమం లోయల మధ్య చెట్టుకొమ్మల ఆకారంలో అక్కడే ఉంటుంది.

సముద్రం మీద మరో భ్రమ ఉంది. నీటి మీద సూర్యకాంతి ప్రతిఫలించే చోట ఏర్పడే లేత తెలుపు పలుచని మేఘంలా కనిపిస్తుంది, కానీ అది సూర్యునితో పాటు తూర్పు నుంచి పడమరకు జరుగుతుంది.

ఇంకా సందేహముంటే 10.8 మైక్రోమీటర్ల ఉష్ణ పరారుణ చిత్రాన్ని (ఇందులో చల్లనివి తెల్లగా కనిపిస్తాయి) పక్కన పెట్టుకోండి: పొగమంచు ఉష్ణోగ్రత నేల ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండడంతో దాదాపు నేలలో కలిసిపోతుంది, అతిశీతలమైన క్యుములోనింబస్ శిఖరం మాత్రం తెల్లగా వెలుగుతుంది.