తిన్నాక పది నిమిషాలు

భోంచేసి చెయ్యి కడుక్కోగానే కుర్చీలో కూలబడకండి. ఓ 10 నిమిషాలు అటూ ఇటూ నడవండి, ఇంట్లోనైనా సరే. తిన్న గంట, గంటన్నరలోపే రక్తంలో చక్కెర బాగా పెరుగుతుంది. కాళ్లు కదులుతుంటే కండరాలు ఆ చక్కెరను ఇంధనంగా లాగేసుకుంటాయి. వేగం అక్కర్లేదు, ఆయాసం అసలే వద్దు. ఫోన్‌లో ఎవరితోనైనా మాట్లాడాలంటే అప్పుడే మాట్లాడేయండి (నేను చేసేది అదే).

21 రోజుల్లో ఏదైనా అలవాటైపోతుందన్న మాట మాత్రం నమ్మకండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధనలో సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోయాయి. మధ్యలో ఒక రోజు తప్పితే కొంపేం మునగదు, మర్నాడు మళ్లీ నడవండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ముందు డాక్టర్‌ని ఓ మాట అడగండి.