లారీ సరుకు దించేటప్పుడు కాళ్లు జాగ్రత్త

తాడేపల్లిగూడెంలో ఎరువుల గోడౌన్ దగ్గర ముఠా మేస్త్రీగా చేస్తున్నాను. నా ఎడమ బొటనవేలికి గోరు సరిగా రాదు. బస్తాలు పేర్చి నెట్టే పాలెట్ ట్రాలీ దాని మీదకి ఎక్కింది మరి. ఆ రోజు కాలికి హవాయి చెప్పులు.

యూరియా బస్తా 45 కిలోలు. ట్రాలీ మీద ఇరవై వేస్తే 900 కిలోలు. దాన్ని మీ వైపు లాక్కుంటూ వెనక్కి నడవకండి, ముందుకు నెట్టండి. ర్యాంపు మీదైతే మీరెప్పుడూ ఎగువనే ఉండాలి. దిగువన నిలబడి "నేను ఆపుతాలే" అనే కుర్రాళ్లను ఎంతమందిని తిట్టానో!

లారీ రాగానే ఇంజను ఆపించి, చక్రాలకు చెక్క దిమ్మలు పెట్టాకే తలుపు తీయండి. తీసేటప్పుడు పక్కకి నిలబడాలి. గతుకుల్లో జరిగిన బస్తాలు మీదకే వస్తాయి. ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తిన సరుకు కింద నుంచి టీకి కూడా వెళ్లొద్దు.

మన డెల్టాలో వానాకాలం ఇంకో తంటా. ఒలికిన యూరియా చెమ్మ పీల్చి నేలంతా జారుడవుతుంది. వెంటనే ఊడ్చేయండి.

కాలు నలిగితే పసుపు పెట్టి, పట్టీ కట్టి మళ్లీ పనిలోకి దిగకండి. నేనదే చేశాను, మూడో రోజు ఎక్స్‌రేలో ఎముక విరిగిందని తేలింది. కదపకుండా కూర్చోబెట్టి, వాపు ఎక్కువైనా వేళ్లు మొద్దుబారినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. నడవలేకపోతే 108కి ఫోన్ చేయండి. ఆ రోజే రిజిస్టర్‌లో టైము, లారీ నంబరు, చూసినవాళ్ల పేర్లు రాయించి ఫోటో తీసుకోండి. పరిహారం అడిగేటప్పుడు అదే ఆధారం.