పాత బేస్‌బాల్ స్టేడియం బోర్డు కొనే ముందు జాగ్రత్తలు

డబ్బు ఇచ్చే ముందు:
- పాత ఫోటోల్లో ఆ బోర్డు కనిపించిన చోటు, అక్షరాల తీరు, స్క్రూ రంధ్రాల దూరం పోల్చండి.
- మేజర్ లీగ్ (అమెరికా ప్రధాన బేస్‌బాల్ లీగ్) హోలోగ్రామ్ పద్ధతి, అంటే వస్తువు అసలైనదేనని మెరిసే స్టిక్కర్ అంటించడం, 2001లో మొదలైంది. 1960లో కూల్చేసిన న్యూయార్క్ స్టేడియం ఎబెట్స్ ఫీల్డ్ వస్తువుపై అది కనిపిస్తే అనుమానించాలి. అమ్మేవారు దాన్ని కొన్నప్పటి రసీదు అడగండి.
- ఎనామిల్ (ఉక్కుపై కాల్చి పట్టించిన గాజు పూత) బోర్డా? అయస్కాంతం పెట్టి చూడండి, ఉక్కైతే అతుక్కుంటుంది. స్క్రూ రంధ్రాల అంచునే చూడండి: బిగింపు ఒత్తిడికి ఎనామిల్ పెచ్చులూడి, కింద ఉక్కు తుప్పు పట్టి ఉండాలి. తుప్పు రంగును పైపైన పూసినట్టుంటే నకిలీ కావచ్చు.

ఇంటికి తెచ్చాక పొడిగా గీకవద్దు, ఇసుక కాగితం అసలే వద్దు. అమెరికాలో 1978కి ముందు పెయింటులో సీసం ఉండే అవకాశం ఎక్కువ, ఆ దుమ్ము పిల్లలకు ప్రమాదం. తడిగుడ్డతోనే తుడవండి. తుప్పు మరకలు వదిలేయండి, పాతదనానికే విలువ.