తెలియని లేక్ మీద ఐస్ ఫిషింగ్‌కి వెళ్లేముందు

ఐస్ ఫిషింగ్ అంటే చలికాలంలో గడ్డకట్టిన లేక్ మీద నడిచి వెళ్లి, ఆ గడ్డకి బొక్క కొట్టి గాలం వెయ్యడం. మొదటిసారి కొత్త లేక్ మీదకి వెళ్లినప్పుడు మేం ముగ్గురం పొద్దున్నే దిగి, జనం ఎక్కడ కూర్చున్నారో చూసి, వాళ్లకి కాస్త ఎడంగా బొక్కలు కొట్టడం మొదలుపెట్టాం. మధ్యాహ్నానికి ఇరవై పైనే కొట్టాం, ఒక్క చేప తగల్లేదు. ఇంటికొచ్చి మ్యాప్ తెరిస్తే మేం కొట్టినవన్నీ ఒకే ఆరడుగుల లోతు మెరక మీద ఉన్నాయి, లోతు నీళ్లు అక్కడికి పది నిమిషాల నడక అంతే. ఆ మ్యాప్ ముందురోజు రాత్రి చూసుకుని ఉంటే సరిపోయేది. అందుకే చెప్తున్నా, కొత్త లేక్ అంటే సగం పని ఇంట్లోనే అయిపోవాలి, చలికాలం పగలు చిన్నది, అక్కడికి వెళ్లాక ఎక్కడ కూర్చోవాలా అని వెతుక్కుంటే ఆ పగలు కాస్తా అందులోనే పోతుంది.

ముందు లోతు మ్యాప్ సంపాదించండి. చాలా లేక్‌లకి గవర్నమెంట్ ఫిషరీస్ డిపార్ట్‌మెంట్ వాళ్ల సైట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, లేదంటే నావియోనిక్స్ లాంటి యాప్‌లో చూసుకోవచ్చు. మ్యాప్‌లో ఒకే లోతున్న చోట్లని కలిపే గీతలు దగ్గరదగ్గరగా ఉన్నాయంటే అక్కడ నేల ఒక్కసారిగా దిగిపోతోందని, ఎడంగా ఉంటే చదునుగా ఉందని అర్థం. ఒడ్డు నుంచి నీళ్లలోకి ముక్కులా పొడుచుకొచ్చిన నేల, నీళ్ల కింద మునిగిపోయిన దిబ్బ, మెరక అయిపోయి గుంట మొదలయ్యే అంచు, చేపలు ఎక్కువగా ఇలాంటి చోట్లే పట్టుకుని తిరుగుతాయి. మొత్తం లేక్ గురించి ఆలోచించకండి, ఒకదానికొకటి నడిచి వెళ్లేంత దగ్గరలో మూడు చోట్లు ఎంచుకుని ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి, మ్యాప్‌ని ఆఫ్‌లైన్‌కి డౌన్‌లోడ్ చేస్కోండి, ఎందుకంటే లేక్ మధ్యలో సిగ్నల్ ఉంటుందని గ్యారంటీ లేదు.

ఆ మూడు ఏవి అనేది సీజన్‌ని బట్టి మారుతుంది, ఇది చాలామంది పట్టించుకోరు. నీళ్లు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి, అందుకని చలికాలంలో పైన గడ్డ కింద సున్నాకి దగ్గరగా చల్లటి నీళ్లు, అడుగున కాస్త వెచ్చటి నీళ్లు ఉంటాయి. కొత్తగా గడ్డకట్టిన రోజుల్లో ఒడ్డు దగ్గర నాచు ఇంకా పచ్చగా ఉంటుంది, ఆక్సిజన్ ఉంటుంది, చిన్న చేపలు అందులో దాక్కుంటాయి, వాటికోసం పెద్దవీ అక్కడికే వస్తాయి, కాబట్టి అప్పుడు లోతు తక్కువ చోట్లే మంచివి. నడిచలికాలానికి మంచు పైన పేరుకుని వెలుతురు లోపలికి పోదు, నాచు చచ్చి కుళ్లుతుంది, ఆ కుళ్లడం ఉన్న ఆక్సిజన్‌ని తినేస్తుంది, అప్పుడు చేపలు గుంటల వైపు జరుగుతాయి. అక్కడ కూడా మరీ అడుగున ఆక్సిజన్ తగ్గిపోతే కొంచెం పైకి లేచి మధ్యలో తేలుతుంటాయి. సీజన్ చివర్లో మంచు కరిగిన నీళ్లు లోపలికి దిగేటప్పుడు మళ్లీ ఒడ్డు వైపు వస్తాయి, కానీ గడ్డ బలం పోయేదీ అప్పుడే, ఆ చోట్ల దగ్గరే.

లైసెన్స్, ఒక్కరికి ఎన్ని గాలాలు వెయ్యొచ్చు, ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు, బతికున్న ఎర తేవచ్చా లేదా, ఇవి ఊరూరికీ మారతాయి, ఆ లేక్ పేరుతోనే రూల్స్ చూస్కోండి, పక్క లేక్‌వి సరిపోతాయనుకోవద్దు.

ఇక గడ్డ సంగతి. దీని మీద నేను ఎంత చెప్పినా తక్కువే. మామూలుగా చెప్పే లెక్క ఏంటంటే నడవడానికి గట్టి, నీలంగా కనిపించే గడ్డ కనీసం 4 అంగుళాలు, అంటే పది సెంటీమీటర్లు ఉండాలి, మంచు మీద నడిపే బండి స్నోమొబైల్‌కి 5 నుంచి 7, చిన్న కారుకి 9 నుంచి 10. తెల్లగా, మంచు కలిసి గడ్డకట్టినదైతే బలం సగమే, కాబట్టి ఈ లెక్కలన్నీ రెట్టింపు చేస్కోండి. కానీ ఈ అంకెలు మీరు నిలబడ్డ చోటుకే, పదడుగుల అవతలికి కాదు. వాగు వచ్చి కలిసే చోటు, నీళ్లు బయటికి పోయే చోటు, రెండు ఒడ్లు దగ్గరికొచ్చే సన్నటి ఇరుకు, బ్రిడ్జి కింద, అడుగున ఊట ఉన్న చోటు, ఇక్కడంతా నీళ్లు కదులుతూ గడ్డని కింద నుంచి అరగదీస్తుంటాయి. పైన మంచు మందంగా కప్పితే ఇంకా మోసం, అది దుప్పటిలా పనిచేసి చలిని కిందికి పోనివ్వదు, గడ్డ పెరగదు, పైగా పగుళ్లు కనపడవు. తెలిసిన లేక్‌లో ఈ చోట్లు మీకు నోటికొచ్చి ఉంటాయి, కొత్త దాంట్లో రావు, అందుకే ముందురోజే ఆ లేక్ దగ్గర ఎర అమ్మేవాళ్లకి ఫోన్ చేసి గడ్డ ఎంత ఉంది, ఎటువైపు నుంచి దిగుతున్నారు, ఎక్కడికి వెళ్లకూడదు అని అడగండి. వాళ్లు బాగానే చెప్తారు, అయినా చెప్పింది విని కొలవకుండా మాత్రం వెళ్లకండి.

కొలవడం ఇలా. చేతిలో గడ్డపార లాంటి ఐస్ చిజిల్ ఉంటుంది, అడుగు వేసే ముందు, కాలు పెట్టబోయే చోట గట్టిగా ఒక దెబ్బ వెయ్యాలి. మంచి గడ్డ అయితే కొన ఎగిరి చేతికి ఝల్లుమని తగులుతుంది, శబ్దం గట్టిగా కంగుమంటుంది. పలచనైతే డొల్లగా బొద్దుమంటుంది, రెండో దెబ్బకే కొన దిగి నీళ్లు పైకి ఊరతాయి. ఆ నీళ్లు కనపడ్డాయంటే అక్కడే ఆగి, తిరగకుండా, కాళ్లు ఎత్తకుండా ఈడుస్తూ వచ్చిన దారినే వెనక్కి జరగండి. ప్రతి యాభై అడుగులకి ఆగర్‌తో, అంటే గడ్డని తొలిచే పెద్ద బరమాతో, ఒక బొక్క కొట్టి టేప్ పెట్టి కొలవండి. టేప్ కొక్కేన్ని గడ్డ కింది అంచుకి తగిలించి చూస్తే అసలు మందం తెలుస్తుంది, పైన మంచుని లెక్కలో కలపొద్దు.

మెడలో ఐస్ పిక్స్, అంటే గడ్డలో గుచ్చి పట్టుకునే మేకుల్లాంటి పిడుల జత, వేసుకోవాలి, బ్యాగులో కాదు, నీళ్లలో పడ్డాక బ్యాగు తెరవలేరు. ఒంటరిగా వెళ్లకండి, ఇద్దరూ పక్కపక్కన కాకుండా ఎడంగా నడవండి, ఒక్కొక్కరి దగ్గర యాభై అడుగుల తాడు ఉండాలి. కెనడాలోని మానిటోబా యూనివర్సిటీలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చల్లటి నీళ్లలో పడ్డ మనిషి ఒంటికి ఏమవుతుందో ఏళ్లపాటు పరిశోధన చేసి చెప్పే లెక్క 1, 10, 1. ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ మాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు గంట. అంటే పడగానే కంగారుపడి కొట్టుకోవద్దు, ముందు ఊపిరి నిలబెట్టుకోండి, తర్వాత వచ్చిన వైపుకే తిరగండి, ఎందుకంటే అక్కడి గడ్డే ఇందాక మిమ్మల్ని మోసింది. కాళ్లు ఈతకొట్టినట్టు ఆడిస్తూ ఒళ్లు అడ్డంగా చేసి పిక్స్ గుచ్చి లాక్కోండి, పైకొచ్చాక లేచి నిలబడకుండా దొర్లుతూ దూరం జరగండి.

చేపల సంగతికొస్తే, గుర్తు పెట్టుకున్న మొదటి చోట లోతు తక్కువ నుంచి ఎక్కువ వైపుకి ఒకే వరసలో ఆరేడు బొక్కలు ఒకేసారి కొట్టేయండి. ఒకటి కొట్టి కూర్చుని, పడకపోతే ఇంకోటి కొడితే ప్రతిసారీ ఆ మోతకి చేపలు చెదురుతాయి. నీళ్ల కింద చేప ఉందో లేదో చూపించే సోనార్ పరికరం, ఫ్లాషర్, ఉంటే ఒక్కో బొక్కలో దింపి చూడండి, ఏమీ కనపడకపోతే అక్కడ గాలం కూడా వెయ్యక్కర్లేదు. కనపడితే పది పదిహేను నిమిషాలు ఇవ్వండి, ఎరని వాటికి కాస్త పైనే ఆడించండి, చేప పైకి లేచి అందుకుంటుంది గానీ కిందికి దిగి వెతుక్కోవడం తక్కువ. పెర్చ్ అనే చేప పగలే తింటుంది, ఎక్కువగా అడుగు పట్టుకుని ఉంటుంది. వాలై అనే చేప కోసం అయితే పొద్దుగూకే ఆ గంట కోసం మీ మంచి చోటుని అట్టిపెట్టుకోండి, మధ్యాహ్నమంతా అక్కడ తొక్కి పాడుచెయ్యొద్దు. ముప్పై అడుగులకన్నా లోతు నుంచి లాగిన చేప గాలితిత్తి ఉబ్బిపోయి, వదిలేసినా చాలాసార్లు బతకదు, అందుకే వదలాలనుకుంటే అంత లోతులో గాలం వెయ్యకపోవడమే మంచిది.

బట్టల్లో ఒంటికి తగిలే పొర కాటన్ వద్దు, చెమట పట్టి తడిస్తే ఆరదు. ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది. టెంట్‌లో గ్యాస్ హీటర్ పెడితే గాలి ఆడే కిటికీ తెరిచే ఉంచండి, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, చిన్న అలారం ఒకటి తీసుకెళ్లండి. ఇంట్లో ఒకరికి ఏ లేక్, ఎటువైపు దిగుతున్నాం, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తాం అని రాసిచ్చి వెళ్లండి.

చేప పడ్డ ప్రతి బొక్క దగ్గరా జీపీఎస్ గుర్తు, లోతు, టైమ్ రాసుకోండి, రెండో ట్రిప్‌కి మ్యాప్ కన్నా ఇదే పనికొస్తుంది. తిరిగొచ్చేటప్పుడు వెళ్లిన దారినే రండి. పెద్ద బొక్కలు అలాగే వదిలెయ్యకుండా పక్కన ఒక కొమ్మ గుచ్చండి, రాత్రికి పైన పలచగా గడ్డకట్టి మంచు కప్పేస్తే, పొద్దున్నే ఎవరో చిన్నపిల్లాడి కాలు అందులోకి దిగిపోవచ్చు.