రోడ్డు మీద పడి ఉన్న మనిషిని ఆస్పత్రికి చేరిస్తే కేసు మన మీదకొస్తుందా?

రాదు. జవాబు ముందే చెప్పేస్తున్నాను. ఈ ఒక్క అనుమానం తేల్చుకునేలోపే అవతల మనిషి ప్రాణం పోతోంది.

మా టిఫిన్ హోటల్ సింగరాయకొండ దగ్గర హైవేకి ఆనుకుని ఉంటుంది. ఇప్పుడు దాన్ని ఎన్‌హెచ్ 16 అంటున్నారు గానీ మా వైపు ఇంకా ఐదో నంబరు రోడ్డే. తెల్లవారుజామున మేము చట్నీకి శనక్కాయలు వేయించే వేళకే లారీలు, నెల్లూరు పోయే కార్లు, రొయ్యల గుంటల దగ్గరికి బైకుల మీద పోయే కుర్రాళ్ళు, అందరూ ఆ రోడ్డు మీదే ఉంటారు. ఎక్కడో బ్రేకు అరిచి, ఢామ్మని శబ్దం వస్తే ఉన్నవాళ్ళం ఉన్నట్టే బయటికి పరిగెత్తుతాం. కానీ పరిగెత్తినవాళ్ళలో చాలామంది, పడ్డ మనిషికి నాలుగడుగుల దూరంలో ఆగిపోతారు. జాలి లేక కాదు. "ముట్టుకోమాకు అబ్బాయ్, పోలీసు కేసవుద్ది, కోర్టు చుట్టూ తిరగాల" అని వెనక నుంచి ఎవరో ఒకరు అంటారు. దాంతో చెయ్యి వెనక్కి పోతుంది.

ఆ భయం ఊరికే పుట్టలేదు. మా నాన్న కాలంలో దెబ్బ తగిలినవాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్తే, తీసుకెళ్ళినవాణ్ణే స్టేషన్‌లో కూర్చోబెట్టేవాళ్ళు. ఇప్పుడు చట్టం మారింది. మారిన సంగతి మన వీధుల్లోకి రాలేదు. నేను హోటల్ పనితో పాటు ఒంగోలులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తరఫున పారా లీగల్ వాలంటీరుగా, అంటే చట్టం సంగతులు జనానికి చెప్పే మనిషిగా, కూడా చేస్తున్నాను. ఊళ్ళలో ఏ మీటింగ్ పెట్టినా అందరూ అడిగేది ఇదే కాబట్టి, తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

చట్టం ఎలా వచ్చిందో క్లుప్తంగా చెప్తాను. సాయం చేసినవాళ్ళకి రక్షణ కావాలని సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ 2012లో సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది. 2015 మే నెలలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు వాటిని దేశమంతా పాటించి తీరాలని చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి సవరణ చేసి 134ఎ అనే సెక్షన్ చేర్చారు. 2020 సెప్టెంబరులో దానికి రూల్స్ కూడా వచ్చాయి, 168, 169 నంబర్లతో. ఏ ప్రతిఫలమూ ఆశించకుండా, తనంతట తాను, మంచి ఉద్దేశంతో రోడ్డు ప్రమాద బాధితుడికి సాయం చేసేవారిని ఈ చట్టం గుడ్ సమారిటన్ అంటుంది. డాక్టరో నర్సో అయ్యుండక్కర్లేదు. ఆటో ఆపినవాళ్ళు, ఎత్తి పడుకోబెట్టినవాళ్ళు, ఆస్పత్రి దాకా వెంట వెళ్ళినవాళ్ళు అందరూ దాని కిందికి వస్తారు.

సరే, ప్రమాదం జరిగింది. ఏం చెయ్యాలి?

ముందు ఫోన్. 108 అంబులెన్స్‌కి, 112 పోలీసు, అంబులెన్స్ అన్నిటికీ. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా పనిచేస్తుంది, వాళ్ళకి అంబులెన్స్, క్రేన్ రెండూ ఉంటాయి. పేరు చెప్పకుండానే మాట్లాడొచ్చు. చెప్పాల్సింది చోటు. "సింగరాయకొండ దగ్గర" అంటే సరిపోదు. ఒంగోలు నుంచి నెల్లూరు వైపు పోయే రోడ్డా, నెల్లూరు నుంచి వచ్చే రోడ్డా అన్నది ముందు చెప్పండి. మధ్యలో డివైడర్ ఉంటుంది, అంబులెన్స్ తప్పు వైపు వస్తే యూటర్న్ దాకా పోయి రావాలి. పక్కన ఉన్న కిలోమీటరు రాయి మీద నంబరు చదివి చెప్పండి. ఎంతమందికి దెబ్బలు తగిలాయి, స్పృహలో ఉన్నారా లేదా అన్నది ఆ తర్వాత.

ఫోన్ చేసే మనిషి ఒకరు, వెనక వచ్చే బండ్లని ఆపే మనిషి ఇంకొకరు ఉండాలి. సెల్‌ఫోన్ లైటు, ఎర్ర తువ్వాలు, ఏది దొరికితే అది ఊపండి. రెండో ప్రమాదం చాలాసార్లు సాయానికి వచ్చినవాళ్ళకే జరుగుతుంది.

నెత్తురు పోతుంటే శుభ్రమైన గుడ్డ మడిచి గట్టిగా అదిమి పట్టండి, మాటిమాటికీ తీసి చూడొద్దు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యొద్దు. మన వైపు ఇది పెద్ద అలవాటు. ఎవరో ఒకరు బాటిల్ పట్టుకుని వస్తారు, ఆపండి, ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాళ్ళూ చేతులూ పట్టుకుని వేలాడదీసి మొయ్యొద్దు. మెడా నడుమూ కదలకుండా నలుగురు కలిసి ఒకేసారి ఎత్తాలి. అంబులెన్స్ త్వరగా వస్తుందంటే అసలు కదిలించకుండా ఉండటమే మేలు.

ఇక్కడే అందరూ అడుగుతారు. "నేను ఎత్తడంలో తేడా వచ్చి అతనికేమన్నా అయితే?" 134ఎ సెక్షన్ రాసింది సరిగ్గా దీనికోసమే. మంచి ఉద్దేశంతో సాయం చేస్తుండగా మీ వైపు నుంచి పొరపాటు జరిగినా, చెయ్యాల్సింది చెయ్యలేకపోయినా, దానివల్ల ఆ మనిషికి గాయమైనా, ప్రాణమే పోయినా మీ మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ నిలవదు. అయితే గుద్దిన డ్రైవరుకి ఈ రక్షణ వర్తించదు. 134వ సెక్షన్ ప్రకారం బాధితుడికి వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోపు పోలీసులకి చెప్పడం అతని బాధ్యత. అలాగే పడ్డవాళ్ళ మెడలో గొలుసో జేబులో పర్సో తీసుకుపోయే వాళ్ళని ఏ చట్టమూ కాపాడదు. అందుకే నాదొక సలహా. బాధితుడి ఫోను, పర్సు, నగలు మీ చేతికి వస్తే ఇద్దరు ముగ్గురి ఎదుట ఒక కవర్లో వెయ్యండి, ఆస్పత్రిలో నర్సుకిగానీ పోలీసులకిగానీ ఇచ్చి కాగితం మీద రాయించుకోండి. ఇది రూల్‌లో లేదు, నేను చెప్తున్న జాగ్రత్త.

అసలు పరీక్ష ఆస్పత్రి కౌంటర్ దగ్గర మొదలవుతుంది. ఒక రాత్రి సంగతి చెప్తాను. మా హోటల్‌కి కాస్త దూరంలో ఒక కుర్రాడు బైకు జారి డివైడర్‌కి కొట్టుకున్నాడు. నుదురు చీలింది. మా పక్క ఆటో అబ్బాయీ నేనూ వెనక సీట్లో పడుకోబెట్టి, నా తువ్వాలుతో నుదురు అదిమి పట్టుకుని, దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. కౌంటర్‌లో ఉన్నాయన ఫారం నా ముందుకి తోసి పెన్ను కొనతో ఒక గడి చూపించాడు. పేషెంటుతో సంబంధం. "మీరేమవుతారమ్మా? ఇక్కడ సంతకం పెట్టి అడ్వాన్స్ కట్టండి, అప్పుడు లోపలికి తీసుకెళ్తాం" అన్నాడు. తువ్వాలు నుంచి నెత్తురు నా మోచేతి దాకా కారుతోంది.

"నేను బంధువుని కాదన్నా. రోడ్డు మీద చూసి తీసుకొచ్చాను. డబ్బులు కట్టమని నన్ను అడగకూడదు, ఆపకూడదు. ముందు డాక్టరుగారిని పిలవండి" అన్నాను. కుదరదన్నాడు. "సరే అన్నా, డబ్బు కట్టలేదు కాబట్టి వైద్యం చెయ్యబోమని కాగితం మీద రాసి, టైము వేసి, సంతకం పెట్టివ్వండి" అన్నాను. ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. డ్యూటీ డాక్టరు వచ్చారు, స్ట్రెచర్ వచ్చింది.

ఆ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. బంధువుని కాదు. కాగితం మీద రాసివ్వండి. కోపంగా అనక్కర్లేదు, గొంతు పెంచక్కర్లేదు. తీసుకొచ్చినవాళ్ళు రక్తసంబంధీకులో బంధువులో అయితే తప్ప రిజిస్ట్రేషన్, అడ్మిషన్ ఖర్చులు అడగడానికి వీల్లేదని మార్గదర్శకాల్లోనే ఉంది. అందుకే బంధువు అన్న గడిలో తొందరపడి అన్న అనో మామ అనో రాయొద్దు. గాయపడ్డ మనిషిని కాపాడటం ప్రభుత్వ డాక్టరుకైనా ప్రైవేటు డాక్టరుకైనా మొదటి బాధ్యత అని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. పోలీసులు వచ్చేదాకా ఆగడానికి వీల్లేదు. ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు కాగితం, రాసి పోలీసులకి తెలియజేయడం ఆస్పత్రి పని, మీ పని కాదు.

డబ్బెవరు కడతారన్న బెంగ కూడా కొంత తగ్గింది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకి నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం ఉంది. ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా, ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల వరకు. పథకంలో ఉన్న ఆస్పత్రి అయ్యుండాలి, కాబట్టి 112కి ఫోన్ చేసినప్పుడే దగ్గర్లో ఏదుందో అడగండి. ఏదీ తేలకపోతే ప్రభుత్వాసుపత్రికి పోండి. ఒంగోలులో, నెల్లూరులో సర్వజన ఆస్పత్రులు ఉన్నాయి, కావలిలో ఏరియా ఆస్పత్రి ఉంది.

ప్రతి ఆస్పత్రి, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, సాయం చేసినవారి హక్కుల బోర్డు గుమ్మం దగ్గర పెట్టాలి. ఇంగ్లీషు, హిందీలతో పాటు తెలుగులో కూడా. మీ ఊరి ఆస్పత్రిలో ఉందో లేదో ఈసారి జ్వరానికి వెళ్ళినప్పుడు చూడండి. ఉంటే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, కౌంటర్ దగ్గర అది చూపిస్తే వాదన అక్కర్లేదు. లేకపోతే పెట్టమని అడగండి. వచ్చేముందు, కావాలనుకుంటే, ఫలానా మనిషిని ఫలానా టైముకి ఫలానా చోటు నుంచి తీసుకొచ్చారని రసీదు అడగొచ్చు. అడిగితే ఇవ్వాలి. నేనైతే తప్పకుండా తీసుకోమంటాను.

ఇక పోలీసులు. కానిస్టేబుల్ వచ్చి పేరు, ఊరు, ఫోన్ నంబరు అడుగుతారు. చాలామంది మామూలుగానే అడుగుతారు, వాళ్ళూ రిపోర్టు నింపాలి. ఇవ్వాలనుకుంటే ఇవ్వండి. వద్దనుకుంటే "సార్, నేను సాయం చేశానంతే. పేరు చెప్పడం నా ఇష్టమని 168వ రూల్‌లో ఉంది, నేను వెళ్తాను" అనండి. బలవంతం చేయడానికి వీల్లేదు. ప్రమాదం జరగడాన్ని కళ్ళారా చూసినవాళ్ళ విషయం కాస్త వేరు. అలాంటి సాక్షి చిరునామా ఇచ్చి వెళ్ళాలని 2015 మార్గదర్శకాల్లో ఉంది. శబ్దం విని వచ్చినవాళ్ళకి అది కూడా లేదు. కాబట్టి చూసింది చూశానని, చూడనిది చూడలేదని సూటిగా చెప్పండి. "లారీయే గుద్ది ఉంటుంది సార్" అని ఊహ కలిపితే అనవసరంగా సాక్షి అవుతారు.

చూసినవాళ్ళకి నా విన్నపం ఒకటుంది. వీలైతే సాక్ష్యం ఇవ్వండి. బాధితుడి ఇంట్లోవాళ్ళకి పరిహారం రావాలంటే చూసిన మనిషి మాట చాలా విలువైంది. ఇచ్చినంత మాత్రాన స్టేషన్ చుట్టూ తిరగక్కర్లేదు. 169వ రూల్ ప్రకారం మీకు వీలైన టైముకి, మీ ఇంటికో మీ షాపుకో వాళ్ళే రావాలి, యూనిఫాం లేకుండా మామూలు బట్టల్లో రావాలి, వాంగ్మూలం ఒక్కసారిలోనే పూర్తి చెయ్యాలి. ఊళ్ళో పోలీసు జీపు మన గుమ్మం ముందు ఆగితే నలుగురూ ఏమనుకుంటారో చట్టం రాసినవాళ్ళు కూడా ఆలోచించారన్నమాట. ఆడవాళ్ళని ఎలాగూ సాక్ష్యం కోసం స్టేషన్‌కి రమ్మనకూడదు, ఇంటికే రావాలి.

బహుమతి సంగతి కూడా చెప్పాలి, మీటింగుల్లో చాలామంది దాని గురించే అడుగుతారు. తీవ్రంగా గాయపడ్డవారిని మొదటి గంటలో ఆస్పత్రికి చేర్చి ప్రాణం నిలబెట్టినవారికి 2021లో కేంద్రం 5,000 రూపాయలు ప్రకటించింది. 2025లో రాహ్‌వీర్ అని పేరు మార్చి 25,000 చేసింది. నలుగురు కలిసి కాపాడితే నలుగురికీ పంచుతారు. దీనికి మాత్రం మీ వివరాలు ఇచ్చి పోలీసుల దగ్గర రసీదు తీసుకోవాలి, ఆపైన జిల్లా కమిటీ పరిశీలిస్తుంది.

రోడ్డు ప్రమాదం కాని చోట్ల ఏంటి? పాకల బీచ్‌లో ఒకరు మునిగిపోతారు. రొయ్యల గుంట దగ్గర మోటారు షాక్ కొడుతుంది. పాత సింగరాయకొండ తిరునాళ్ళలో పెద్దాయన గుండె పట్టుకుని కూలిపోతాడు. 134ఎ మోటారు వాహనాల చట్టంలోది, ఇక్కడికి రాదు. ఇక్కడ భారతీయ న్యాయ సంహితలో 30వ సెక్షన్ ఉంది, పాత ఐపీసీలో 92. మనిషి అనుమతి చెప్పే స్థితిలో లేనప్పుడు, అడగడానికి అతని తరఫువాళ్ళు కూడా అందుబాటులో లేనప్పుడు, అతని మేలు కోసం మంచి ఉద్దేశంతో చేసిన పని వల్ల హాని జరిగినా అది నేరం కాదని చెప్తుంది. గుండె ఆగిన మనిషికి సీపీఆర్ చేస్తే, అంటే ఛాతీ మీద గట్టిగా నొక్కుతూ ఉంటే, పక్కటెముక విరగొచ్చు. విరిగినా ఆపకుండా నొక్కమనే ట్రైనింగ్‌లో చెప్తారు. దానికి భయపడి చెయ్యి తియ్యొద్దు.

ఇంత తెలిసీ ఎవరైనా ఇబ్బంది పెడితే, అక్కడ గొడవ పడొద్దు. తారీఖు, టైము, ఆస్పత్రి లేదా స్టేషన్ పేరు, మాట్లాడిన మనిషి హోదా, ఆయన అన్న మాట అన్నట్టుగా ఆ రాత్రే రాసి పెట్టుకోండి, తెల్లారితే సగం మర్చిపోతాం. పోలీసుల మీదైతే జిల్లా ఎస్పీకి, ఆస్పత్రి మీదైతే జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి ఫిర్యాదు ఇవ్వండి. రాయడం రాకపోతే 15100కి ఫోన్ చెయ్యండి, న్యాయ సేవల ఉచిత నంబరు అది. లేదా దగ్గర్లో ఉన్న కోర్టు ఆవరణలో న్యాయ సేవా కమిటీ ఆఫీసు ఎక్కడని అడగండి. మాలాంటి వాలంటీర్లు ఉంటారు, కూర్చోబెట్టి రాసిస్తారు, రూపాయి తీసుకోరు.