వానలో నల్లమల మీదుగా శ్రీశైలం: కారులో వెళ్లేవాళ్లకి

వానాకాలం నల్లమల ఎంత పచ్చగా ఉంటుందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కానీ హైదరాబాద్ నుంచి బయల్దేరేవాళ్లు ఏ వ్యూపాయింట్ దగ్గర ఆగాలో ముందే రాసుకుంటారు గానీ, టైం లెక్క మాత్రం వేసుకోరు. వానరోజు అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది అదే.

మన్ననూరు దాటితే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లని అడవిలోకి వదలరు. మామూలు రోజు అడవి దారి రెండు గంటలు అనుకుంటే, వానలో మూడు వేసుకోండి. తిరుగు ప్రయాణంలో చెక్‌పోస్ట్ గేటు పడిపోతుందని చీకట్లో, తడి ఘాట్ మీద తొక్కుకుంటూ వచ్చేవాళ్లని చూస్తే భయమేస్తుంది. అందుకే మధ్యాహ్నం మూడుకల్లా శ్రీశైలం నుంచి కదలండి, వెలుతురు ఉండగానే అడవి దాటేయొచ్చు.

పెట్రోలు మన్ననూరుకి ముందే కొట్టించుకోండి. లోపల సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి మ్యాప్ ఆఫ్‌లైన్‌లో పెట్టుకుని, ఎప్పటికి చేరతారో ఇంట్లో చెప్పేయండి, లేకపోతే వాళ్లకి అనవసరంగా టెన్షన్. వైపర్ రబ్బర్లు, టైర్లు ముందురోజే చూసుకోవాలి, అరిగిన టైరు తడి రోడ్డు మీద బ్రేక్ వేస్తే ఆగదు, జారుతుంది.

వాన మొదలైన కాసేపు రోడ్డు మీద ఉన్న ఆయిలూ దుమ్మూ కలిసి మరీ జారుడుగా ఉంటుంది, అప్పుడు వేగం బాగా తగ్గించండి. హెడ్‌లైట్లు డిమ్‌లో పెట్టండి. చాలామంది నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడుపుతారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు, మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి అర్థం కాదు. అద్దం లోపల ఆవిరి పడితే గుడ్డతో తుడుస్తూ కూర్చోకుండా ఏసీ వేసి గాలి అద్దం మీదకి తిప్పండి, బయటి గాలి వచ్చేలా పెడితే ఇంకా త్వరగా పోతుంది.

ఈగలపెంట దాటాక డ్యామ్ కిందికి దిగే ఘాట్ అసలు పరీక్ష. సెకండ్ గేర్‌లోనే దిగండి, న్యూట్రల్ అన్న మాటే వద్దు, బ్రేకులు వేడెక్కితే పట్టవు. మలుపుల్లో హారన్ కొట్టండి, పైకి ఎక్కే బండికి దారివ్వండి. ఆర్టీసీ బస్సు తిరగాలంటే రోడ్డంతా కావాలి, దాని పక్కన దూరే ప్రయత్నం చెయ్యకండి. కల్వర్టు మీంచి ఎర్రనీళ్లు పారుతుంటే ముందు బండి వెళ్లింది కదా అని వెళ్లొద్దు, వాన తగ్గాక ఆ నీళ్లూ తగ్గుతాయి, ఆగండి.

వటవర్లపల్లి దగ్గర్నుంచి మల్లెల తీర్థానికి తిరగాలనిపిస్తుంది. జోరువానలో మాత్రం వద్దంటాను. కిందికి వందల మెట్లు, నాచుపట్టి ఉంటాయి, పైనెక్కడో కురిసిన వానకి జలపాతం ఉన్నట్టుండి పెరుగుతుంది. రోడ్డు పక్కన ఆపి కోతులకి బిస్కెట్లు వెయ్యడం కూడా వద్దు, అవి రోడ్డు మీదకే అలవాటుపడి బండ్ల కింద పడుతున్నాయి.

ఇంకోటి, శ్రీశైలం డ్యామ్ గేట్లు ఎత్తారని టీవీలో వచ్చిందంటే ఆ శని, ఆదివారాలు వెళ్లకండి. కిలోమీటర్ల కొద్దీ ఘాట్ మీదే ఆగిపోతారు. మంగళవారమో బుధవారమో పెట్టుకోండి, గేట్లు అప్పటిదాకా ఎత్తి ఉన్నాయో లేదో ఒకసారి కనుక్కుని బయల్దేరండి.